జంధ్యానికి కట్టిన పుల్ల

మాస్టారు పోయిన సంగతి నా దగ్గరికి టైపు చెయ్యడానికి వచ్చింది.

కొత్తపేటలో మా ప్రెస్సులో పెళ్ళికార్డులు, గృహప్రవేశం కార్డులు, పన్నెండో రోజు కార్డులు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఏది వచ్చినా ముందు చదవను. చదివితే వేళ్ళు నెమ్మదిస్తాయి. మొన్న మంగళవారం పొద్దున్న తెల్లపంచె కట్టుకున్న ఒకాయన చేత్తో రాసిన అరఠావు కాగితం నా ముందు పెట్టి నిలబడ్డారు. కొట్టుకుంటూ పోయాను. పేరు కొట్టేశాక, ఆ పేరు నాకు తెలిసినదని ముందు వేళ్ళకి తెలిసింది. తర్వాతే నాకు తెలిసింది.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన ఉన్నప్పుడు కూడా ఎవరూ పేరుతో పిలవలేదు. నేర్చుకునేవాళ్ళకి మాస్టారు. కొబ్బరి షావుకార్లకి కంప్యూటర్ పంతులుగారు. మేడ కింద మందుల షాపాయనకి "పైనాయన".

"మీకేమవుతారండీ?" అని అడిగాను.

"మా బావగారండి. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు. లేవలేదండి."

లేవలేదు అన్న మాట మాస్టారు రోజుకి పదిసార్లు వినేవారు. ఎవరి కంప్యూటరో ఒకటి ఎప్పుడూ లేవకుండానే ఉండేది. ఆయన వెళ్ళి లేపేవారు. ఈసారి ఆయన్ని లేపడానికి అలాంటివాళ్ళు ఎవరూ లేకపోయారు.

"కింద రెండు మంచి మాటలు వెయ్యమందండి మా అక్క," అన్నారాయన. "ఆ కంప్యూటర్ల సంగతులు మాకేం తెలుసండి. మీరక్కడ పనిచేసేరంట కదా, మీరే రాసెయ్యండి. మూడింటికొచ్చి చూసుకుంటాను."

"అలాగేనండి," అన్నాను. ఆయన మెట్ల దాకా వెళ్ళాక ఆపి, "ఆయన జంధ్యానికో పుల్ల ఉండాలండి" అన్నాను.

"అదాండీ. దేని తాళమో అనుకుని మా అక్క బీరువాకి పెట్టి చూసిందండి. దేవుడి మందసానికీ పెట్టింది. దేనికీ పట్టలేదు."

ఆయన వెళ్ళిపోయారు. నేను ఖాళీ తెర ముందు కూర్చున్నాను. మాస్టారి దగ్గర మూడేళ్ళు పనిచేశాను. ఆ మూడేళ్ళలో ఆయన గురించి చాలా రాశాను. అందులో మంచి మాటలే లేవు.

*

అమలాపురం గడియార స్తంభం దగ్గర, మందుల షాపు పైన ఆయన సెంటరు. నాలుగు కంప్యూటర్లు. వాటికి గౌతమి, వశిష్ఠ, వైనతేయ, వృద్ధ గౌతమి అని గోదావరి పాయల పేర్లు పెట్టారు. ఒకటో నంబరు, రెండో నంబరు అంటే ఆయన సొమ్మేం పోయేదో నాకు తెలియదు. కొత్తగా చేరినవాళ్ళని "వెళ్ళి వైనతేయలో కూర్చోండి" అంటే వాళ్ళు పాపం కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. వృద్ధ గౌతమి పేరుకి తగ్గట్టు ముసలిది. దానికి చెవులు పనిచేసేవి గానీ కళ్ళు లేవు. అంటే కీబోర్డు కొడితే పలికేది, పుల్ల పెడితే గుర్తుపట్టేది కాదు.

పుల్ల అంటే పెన్ డ్రైవు. అందరూ అందులో పాటలు, సినిమాలు వేసుకుని తిరిగేవాళ్ళు. మాస్టారు మాత్రం అందులో ఒక కంప్యూటర్‌ని నడిపించే సరంజామా మొత్తం పెట్టుకున్నారు. లినక్స్ అంటారు దాన్ని. ఏ కంప్యూటర్‌కైనా ఆ పుల్ల గుచ్చి, మీట వెయ్యగానే ఎఫ్ పన్నెండు నొక్కితే, ఆ పెట్టె తన సొంత బుద్ధి పక్కన పెట్టి పుల్లలోని బుద్ధితో లేస్తుంది. వైరస్ పట్టి కొయ్యబారిపోయిన పెట్టెలు కూడా అలా లేచి కూర్చునేవి. పని అయ్యాక పుల్ల తీసేస్తే, పెట్టెకి ఏం జరిగిందో కూడా గుర్తుండదు.

దీన్ని ఆయన స్వయంపాకం అనేవారు. వాళ్ళ నాన్నగారు వేదం చదువుకున్న మనిషి. ఏ ఊరు వెళ్ళినా గిన్నెలు, బియ్యం, పప్పు సంచిలో పెట్టుకుని వెళ్ళి, వాళ్ళింట్లో పొయ్యి ఒక్కటే వాడుకుని, తన వంట తనే వండుకుని తిని, గిన్నెలు తోముకుని, ఆ చోటు అలికేసి మరీ వచ్చేవారట.

"మా నాన్నగారి సంచీయే ఈ పుల్ల," అనేవారు మాస్టారు. "పొయ్యి వాళ్ళది, వంట మనది. ఎంగిలి మిగల్చకూడదు."

వినడానికి గొప్పగానే ఉంటుంది. అయితే ఆ మడి అంతా పుల్లకే. ఆయన మాత్రం సాయంత్రం వంతెన దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు తిని, ఆ చేతులు పంచెకి తుడుచుకుని, అవే చేతులతో మా కీబోర్డులు పట్టుకునేవారు. ఎవరైనా ఆ పుల్ల ఒకసారి ఇవ్వమంటే మాత్రం అడగకూడని వస్తువేదో అడిగినట్టు చూసేవారు.

ఆ పుల్లని జంధ్యానికి కట్టుకున్నారు. పెద్దవాళ్ళు బీరువా తాళం కట్టుకున్నట్టు. అంతకు ముందు రెండు పోగొట్టుకున్నారట. దీన్ని ఊడదీస్తే ఇదీ పోతుందని, ఊడదీయకుండానే పనిచేసేవారు. కంప్యూటర్ పెట్టెలు బల్ల కింద ఉంటాయి కదా. ఆయన చొక్కా గుండీ తీసి, పుల్ల బయటికి లాగి, బల్ల కింద పీట వేసుకుని కూర్చుని, పెట్టెకి గుచ్చేవారు. ఇక అది నడిచినంతసేపూ దూడని గుంజకి కట్టినట్టు అక్కడే. లేవడానికి లేదు. కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, తెర వైపు మెడ ఎత్తి చూస్తూ, వచ్చినవాళ్ళతో బల్ల కిందనుంచే మాట్లాడేవారు. కాఫీ కూడా అక్కడికే. మొదటిసారి చూసినవాళ్ళు అది ఏదో పూజ అనుకుని చెప్పులు విప్పేవాళ్ళు.

ఆయనకి ఇంకో జబ్బు ఉండేది. ఏ ఫైలు తెరిచినా సేవ్ చెయ్యకుండా మూసేవారు కాదు. ఊరికే చూసిన ఉత్తరం అయినా సరే. ఏమీ మార్చకపోతే సేవ్ అవ్వదు. అందుకని కావాలని ఒక స్పేసు కొట్టి, దాన్ని చెరిపి, అప్పుడు సేవ్ చేసేవారు. అదీ మూడుసార్లు, ఆచమనం చేసినట్టు.

"ఏమీ మార్చలేదు కదండీ," అని నేను చేరిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి అన్నాను.

"మార్చకపోతే మాత్రం? అన్నం గిన్నె తెరిచి చూసేక మూత పెట్టవా?"

ఆయన దగ్గర ఏ ప్రశ్నకైనా సమాధానం వంటింట్లోంచే వచ్చేది. ఇంట్లో మాత్రం ఆయనకి పాలు కాయడం కూడా రాదని వాళ్ళావిడ నాతో అన్నారు.

*

ఒక విషయంలో మాత్రం ఆయనది గట్టి పద్ధతి. చచ్చిపోయిన కంప్యూటర్‌లోంచి ఫైళ్ళు బయటికి తీసి ఇస్తారు కదా, ఆ ఫైళ్ళలో ఏముందో చూడరు. "మూత తీయను" అనేవారు. తీసినవి బాగున్నాయో లేదో తెలియాలి కాబట్టి, సొంతదారుని పిలిచి, మధ్యలోంచి ఒకటి తెరిచి చూసుకోమనేవారు. వాళ్ళు చూస్తున్నంతసేపూ మొహం గోడకి తిప్పుకునేవారు.

అంబాజీపేటలో ఒక కొబ్బరి షావుకారుగారి గిడ్డంగి కంప్యూటర్ లేవకపోతే వెళ్ళాం. రెండువేల ఏడు వానాకాలం. ఆయన మోపెడ్ మీద, నేను బస్సు మీద. నేనెందుకంటే, తీసిన ఫైళ్ళ పేర్లు చదివి రాసుకోవడానికి. ఆయన బల్ల కింద కట్టేసి ఉంటారు కాబట్టి పైన ఒక మనిషి కావాలి.

షావుకారుగారు నన్ను చూసి, "ఈవిడెవరండి మేస్టారూ?" అన్నారు.

"మా దగ్గర పనిచేసే అమ్మాయండి. మాట రాదు, వేళ్ళకే వచ్చు."

ఇది ఆయనకి ఎంతో ముద్దొచ్చిన మాట. సెంటరుకి ఎవరొచ్చినా నన్ను ఇలాగే పరిచయం చేసేవారు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, నేను తెర వెనక తల దాచుకునేదాన్ని, ఆయన తృప్తిగా బల్ల కిందికి వెళ్ళేవారు. షావుకారుగారు మాత్రం నవ్వలేదు.

"అయ్యో. పుట్టుకతోనేనండి?" అన్నారు.

నాకు మాట వచ్చండీ అని చెప్పవచ్చు. చెప్పడానికి నోరు తెరవాలి. నలుగురు కొబ్బరి దింపువాళ్ళు, ఇద్దరు గుమస్తాలు నా వైపే చూస్తున్నారు. నేను తెరవలేదు. మాస్టారు అప్పటికే తల బల్ల కింద పెట్టేశారు, వినపడలేదు. ఇక ఆ పూటంతా షావుకారుగారు నాతో చేతులతో మాట్లాడారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. బొండం చేత్తో పట్టుకుని తాగుతున్నట్టు నటించి, తాగుతావా అని కనుబొమలు ఎగరేశారు. నేను తల ఊపాను. గట్టిగా అరిచి చెప్తే కొంతైనా వినపడుతుందేమో అని ఒక గుమస్తా నా చెవి దగ్గరకొచ్చి "స్ట్రా కావాలా?" అని అరిచాడు.

బల్ల కింద వ్యవహారం మామూలే.

"నా డబ్బా చచ్చిపోయిందన్నారు గదండి, మరెలా లేచింది?" అన్నారు షావుకారుగారు.

"మీ డబ్బా లేవలేదండి. మీ పొయ్యి మీద నా గిన్నె పెట్టేను."

"మరి నా కూరో?"

"అలమరలో ఉందండి. జాగ్రత్తగా తీసిస్తాను."

"అలా కట్టేసుకున్నారేటండి?"

"కట్టుకోకపోతే పారిపోద్దండి."

అన్నీ తీశాక మాస్టారు, "మధ్యలోంచి ఒకటి తెరవండి. పై మెతుకు చూసి మా అమ్మ ఎన్నిసార్లు పలుకన్నం పెట్టిందో" అని మొహం గోడకి తిప్పుకున్నారు. గోడ మీద ఎరువుల కంపెనీ క్యాలెండరు ఉంది. దాన్ని ఆయన శ్రద్ధగా చదివారు. షావుకారుగారు ఒకటి తెరిచారు. "ఆయ్, ఉందండి. మా బుల్లెమ్మాయి ఫోటో" అన్నారు. మళ్ళీ నా వైపు తిరిగి, చిన్నపిల్ల అన్నట్టు నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించారు.

ఆ రోజు తిరిగి వస్తుంటే బస్సు కండక్టరు ఎక్కడికమ్మా అని అడిగితే, నేను కూడా చేత్తోనే చూపించాను.

*

నాకు డైరీ రాసే అలవాటు. ఇంట్లో నోటుబుక్కుల్లో రాసేదాన్ని. ఒకసారి మా పిన్ని దాన్ని పరుపు కింద నుంచి తీసి, భోజనాల దగ్గర ఏడుగురి మధ్య పైకి చదివింది. నేను పప్పన్నం మధ్యలో లేచి వెళ్ళిపోయాను. ఆ తర్వాత సెంటరులో వశిష్ఠలో టైపు చేసుకునేదాన్ని. ఫైలుకి 'పాత పెళ్ళికార్డు' అని పేరు పెట్టాను.

ఒకరోజు మాస్టారు వైరస్ ఏరుతూ ఫైళ్ళ వరస చూసి, "ఈ పాత పెళ్ళికార్డు నూట పది పేజీలుందమ్మా. ఎవరి పెళ్ళి?" అన్నారు.

ఆయన ఫైలు తెరవలేదు. మర్నాడు ఎర్రదారం కట్టిన ఆకుపచ్చ పుల్ల ఒకటి నా బల్ల మీద ఉంది.

"నీ స్వయంపాకం," అన్నారు. "ఇందులో లేచి, ఇందులో రాసుకుని, ఇందులోనే దాచుకో. ఎవరి డబ్బాలోనూ ఎంగిలి మిగలదు. ఒక్కటే. ఆపకుండా పీకకూడదు. ఉడుకుతున్న గిన్నె పొయ్యి మీంచి లాగితే ఏమవుద్ది?"

"ఒలుకుతుందండి."

"ఆయ్. అదే."

ఆ పుల్లలో నాకు దొరికిన స్వేచ్ఛతో నేను మొదట చేసిన పని, ఆ పుల్ల ఇచ్చిన మనిషిని ఉతికి ఆరెయ్యడం. రోజుకో ఫైలు, ఒకటి, రెండు, మూడు అని అంకెలే పేర్లు. లోపల తెలుగు అక్షరాలు ముక్కలై కనపడేవి, ఒత్తులు పక్కకెళ్ళి కూర్చునేవి. అయినా తిట్లు తిట్లుగానే అర్థమయ్యేవి. ఆయన బజ్జీల చేతుల మీద ఒకటి. ఆయన మెడ ఎత్తి చూస్తుంటే నీళ్ళు తాగే కోడిలా ఉంటారని ఒకటి. స్పేసు, చెరుపు, సేవ్ మీద మూడు. ఆయన మోపెడ్ చప్పుడు, గొంతు సవరింపు, గోదావరి పాయల పేర్లు, ఏదీ వదల్లేదు.

ఇంత రహస్యం మోస్తున్న మనిషి ప్రశాంతంగా ఎలా ఉంటుంది. వెనక అడుగు చప్పుడైతే చాలు, పుల్ల పీకేసేదాన్ని. ఆపడానికి అర నిమిషం పడుతుంది. మాస్టారు మెట్లెక్కి రావడానికి అంత పట్టదు. కాబట్టి పీకేదాన్ని. తెర కొయ్యబారిపోయేది. మీట ఆపి, ఏమీ ఎరగనట్టు మామూలుగా లేపేదాన్ని.

ఒక సోమవారం పుల్ల లేవలేదు. నల్లటి తెర, పై మూల ఒక తెల్ల గీత, అది మిణుకుమంటుంది. అంతే.

మాస్టారి దగ్గర ఇన్నాళ్ళు పనిచేసి ఆ మాత్రం నేర్చుకోలేదా అని మొదలుపెట్టాను. ఆయన పాఠం ఏమిటంటే, బిడ్డ ఏడుస్తుంటే జబ్బు బిడ్డకా, ఇంట్లో దోమలా అని ముందు తేల్చుకోవాలి. అంటే అదే పుల్లని ఇంకో పెట్టెకి పెట్టి చూడాలి. వశిష్ఠలోంచి తీసి గౌతమికి పెట్టాను. గీత. వైనతేయకి పెట్టాను. గీత. వృద్ధ గౌతమికి పెట్టలేదు. దానికి ఎలాగూ కనపడదు. జబ్బు బిడ్డకే అని తేలింది. ఆయన రెండో పాఠం, ఒకేసారి రెండు మార్చకూడదు. "పప్పులో ఉప్పు, పులుసు ఒకేసారి వేసి, చెడగొట్టింది ఏదో ఎలా చెప్తావు?" అందుకని ముందు బెజ్జం మార్చాను, ముందుదానికి బదులు వెనకది. గీత. ముందు పుల్లని చూసి తర్వాతే లోపలి డిస్కుని చూడమని వరస మార్చాను. గీత. పుల్ల చివర దీపం చూశాను. రెండుసార్లు వెలిగి ఆరిపోతోంది. అంటే ప్రాణం ఉంది, మాట లేదు. నాలాగే. చివరికి హార్మోనియం ఊదినట్టు ఊదాను కూడా. ఇది ఆయన పాఠంలో లేదు.

మూడు రోజులు అలా గడిచాయి. ఇక దాన్ని బాగుచెయ్యగలిగిన మనిషి అమలాపురంలో ఒక్కరే. అందులో ఉన్నదంతా ఆయన మీదే.

లోపల నూట ఎనభై నాలుగు ఫైళ్ళు. పారేద్దామా అనుకున్నాను. నా వరకు నేను మాట్లాడిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి, బయట ఎక్కడా లేవు. పారెయ్యలేకపోయాను. గురువారం మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, పుల్లని కాగితంలో చుట్టి, "లేవడం లేదండి" అని రాసి, ఆయన బల్ల మీద పెట్టి పారిపోయాను. శుక్రవారం, శనివారం జ్వరం అని కబురు పంపాను. జ్వరం రాలేదు గానీ, వచ్చి ఉంటే అంత చెమట పట్టేది కాదు. రేపు వెళ్ళేసరికి ఆయన కోడి పోలిక గురించి అడుగుతారు, నేను నేలలోకి కుంగిపోతాను, మా పిన్నికి ఇంకో కథ దొరుకుతుంది అని రెండు రోజులూ మంచం మీద పడుకుని లెక్కపెట్టుకున్నాను.

సోమవారం వెళ్ళాను. మాస్టారు బల్ల కింద ఉన్నారు. అక్కడినుంచే మాట్లాడారు.

"జ్వరం తగ్గిందామ్మా?"

"ఆయ్."

"నీ గిన్నె పగిలిందమ్మా. ఆపకుండా పీకేసేవు. ఒకసారి కాదు, ఓ ఇరవైసార్లు పీకి ఉంటావు. ఎవరొస్తే పీకేవు?"

నేను సంచి కుర్చీకి తగిలించాను.

"నేనొస్తేనా?"

నేను తల ఊపాను. బల్ల కింద ఉన్న మనిషికి నా తల కనపడదని తర్వాత తట్టింది. ఆయన, "సరే, ఇకనించి మెట్ల మీద దగ్గుతూ వస్తాను. నువ్వు ఆపుకుందువు గాని" అన్నారు.

చెయ్యి పైకి పెట్టి పుల్ల ఇచ్చారు. "గిన్నె మార్చేను, అంటే లినక్స్ మళ్ళీ వేసేను. అన్నం పోలేదు, కదపలేదు కూడాను. నూట ఎనభై నాలుగు. సరిపోయిందా?"

"ఆయ్."

"ఒకటి తెరిచి చూసుకో."

ఆయన తన జంధ్యం పుల్ల పెట్టెలోంచి తీసుకుని, బల్ల కింద నుంచి బయటికొచ్చి, మొహం గోడకి తిప్పుకుని నిలబడ్డారు. గోడ మీద ఏమీ లేదు, సున్నం తప్ప. నేను ఆఖరి ఫైలు తెరిచి, అక్షరాలు కనపడగానే మూసేశాను. ఆయన గోడ వైపు చూస్తూనే, "శనివారమే చూపిద్దామంటే నువ్వు లేవు కదమ్మా" అన్నారు.

సెలవు పెట్టినందుకు దెప్పుతున్నారనుకున్నాను. ఆ రోజు నూట ఎనభై అయిదో ఫైలులో అదే రాసుకున్నాను. జ్వరం వచ్చిన మనిషిని కూడా దెప్పే మనిషి అని.

ఆ తర్వాత నిజంగానే మెట్ల మీద దగ్గుతూ వచ్చేవారు. ఊపిరితిత్తుల జబ్బేమోనని మందుల షాపాయన రెండుసార్లు సిరప్పు ఇచ్చాడు.

ఇంకా ఆ తర్వాత ఆయనకి కొత్తగా ఒక బద్ధకం పట్టుకుంది. ఎవరైనా పని మీద వస్తున్నారని తెలియగానే లేచి, "ఆవిడున్నారు, ఆవిడకి చెప్పండి" అనేసి, కిందికి వెళ్ళి మందుల షాపులో బల్ల మీద కూర్చునేవారు. వచ్చినవాళ్ళకి ఇక నేనే గతి, నాకు వాళ్ళే గతి. మొదటి వారం అంతా 'ఆయ్'తో నెట్టుకొచ్చాను. రెండో వారం "ఎప్పటికి కావాలండీ" దాకా వచ్చాను. మూడు నెలలకి ఒక వకీలుగారి గుమస్తాతో "నిన్న అయిదింటికి వస్తామని మీరే రాలేదు కదండీ" అని అన్నాను. అని, అన్నది నేనేనా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఆ రోజు డైరీలో ఆ గొప్ప రాసుకోలేదు. మాస్టారికి పనిదొంగతనం ఎక్కువైందని రాసుకున్నాను.

ఏడాది తిరక్కుండానే ఆ మేడ పడగొట్టారు. సెంటరు మూసేసి ఆయన కొత్తపేట పక్కనే ఉన్న సొంతూరు వెళ్ళిపోయారు. నేను ఈ ప్రెస్సులో చేరాను. మధ్యలో ఒకసారి బస్టాండులో కనపడి, "పుల్ల లేస్తోందా?" అన్నారు. "లేస్తోందండి" అన్నాను. అంతే మా పలకరింపు.

*

రెండు మంచి మాటలు కావాలి కదా. మధ్యాహ్నం ప్రెస్సులో అందరూ భోజనాలకి వెళ్ళాక, సంచిలోంచి ఎర్రదారం పుల్ల తీసి కంప్యూటర్‌కి పెట్టి ఎఫ్ పన్నెండు నొక్కాను. లేచింది. మూడేళ్ళలో పొరపాటునైనా ఆయన గురించి ఒక్క మంచి ముక్క రాసి ఉంటానేమో అని వెతకడానికి.

రాసిన వరసలో చూద్దామని ఫైళ్ళని తేదీల ప్రకారం పేర్చాను. ఒకటి, రెండు, మూడు, బుద్ధిగా వరసగా వచ్చాయి. తొంభై ఒకటి తర్వాత తొంభై మూడు ఉంది. తొంభై రెండు లేదు. పోయిందేమో అని కిందికి జరుపుకుంటూ వెళ్ళాను. అది నూట ఎనభై నాలుగుకీ నూట ఎనభై అయిదుకీ మధ్య కూర్చుని ఉంది. ఆఖరిసారి సేవ్ అయిన రోజు, శనివారం. నేను జ్వరం పేరుతో మంచం మీద పడుకున్న శనివారం.

నూట ఎనభై నాలుగింటికి సరిగ్గా మధ్యది తొంభై రెండు.

సొంతదారు ఉంటే సొంతదారే తెరిచి చూసుకునేది. ఆవిడ పారిపోయింది. అన్నం ఉడికిందో లేదో తెలియకుండా గిన్నె ఎలా ఇస్తారు? మధ్యలోంచి ఒక మెతుకు తీశారు. తీసి ఊరుకున్నా నాకు తెలిసేది కాదు. స్పేసు కొట్టి, చెరిపి, సేవ్ చేశారు. మూడుసార్లు చేసి ఉంటారు.

ఆ ఫైలు తెరిచాను. చిన్నదే.

"ఈరోజు అంబాజీపేటలో నన్ను మూగదాన్ని చేశారు. మాట రాదు, వేళ్ళకే వచ్చు అని మాస్టారు ఇంకోసారి అంటే పని మానేస్తాను. నోటితో చెప్పను, టైపు చేసి పెడతాను. ఆ షావుకారుగారు మంచివాడు, బొండం ఇచ్చాడు, అందుకే ఇంకా ఏడుపొచ్చింది. నాకు మాట వచ్చని ఎవరికైనా చెప్పాలని ఉంది. చెప్పాలంటే మాట్లాడాలి కదా."

'వేళ్ళకే వచ్చు' అన్న మాట పెట్టి అన్ని ఫైళ్ళలోనూ వెతికించాను. మొదటి నూట ఎనభై నాలుగింటిలో ముప్ఫై ఒక్కసారి ఉంది. ఆ తర్వాత వాటిలో ఒక్కసారి కూడా లేదు. ఆయన ఆ మాట మానేసిన సంగతే నాకు తెలియలేదు. పనిదొంగతనం గురించి మాత్రం పదకొండు చోట్ల ఉంది.

ఫైలు అలాగే ఉంచి, పక్కనున్న ఇంకో కంప్యూటర్‌లో కార్డు పూర్తి చేశాను. మూడింటికి బావమరిదిగారు వచ్చారు. కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివారు.

"'ఎవరి గిన్నె మూతా తీయని మనిషి.' ఇదేటండి?"

"మీరే రాయమన్నారు కదండీ."

"రాయమన్నాననుకోండి. ఇది చూసి మా బావగారు వంటలకెళ్ళేవారనుకోరండీ జనం?"

"అనుకుంటే అనుకోనివ్వండి. ఆయనకి పాలు కాయడం కూడా రాదని మీ అక్కగారికి తెలుసు, చాలు."

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశారు. "మా బావగారు చెప్పేవారండి, మా సెంటర్లో ఒకావిడుంది, పార్టీలతో గట్టిగా మాట్లాడుద్దని. మీరేనాండి?"

"నేనేనండి," అన్నాను.

"రెండు మాటలు వెయ్యమన్నాను, ఒకటే ఉందండి."

"ఒకటే దొరికిందండి."

ఆ దొరికిన ఒక్క మాట కూడా పూర్తిగా నిజం కాదు. మాస్టారు ఒకసారి మూత తీశారు. ఆ ఒకసారికి కారణం నేనే కాబట్టి, ఆయన ఖాతాలో వెయ్యలేదు. బావమరిదిగారు ఒప్పుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు. కార్డు ఫైలులో ఒక స్పేసు కొట్టి, చెరిపి, సేవ్ చేశాను. మూడుసార్లు. ఎప్పుడు అంటుకుందో ఆ జబ్బు నాకూ అంటుకుంది.

తర్వాత పుల్ల ఉన్న కంప్యూటర్ దగ్గరికి వచ్చాను. తొంభై రెండు ఇంకా తెరిచే ఉంది. అలవాటుగా స్పేసు కొట్టాను. చెరిపాను. సేవ్ దగ్గరికి వెళ్ళిన వేలు అక్కడే ఆగిపోయింది. నొక్కితే ఆ శనివారం పోయి ఈ మంగళవారం పడుతుంది.

మూసెయ్యబోయాను. చేసిన మార్పులు దాచమంటారా అని అడిగింది.

వద్దు అన్నాను. పైకే అన్నాను.